ఇంటింటి లెక్క నుంచి ప్రణాళిక పద్దు దాకా: యువ వాలంటీర్ల సమాచారం ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

కెన్యా రాజధాని నైరోబీలోని కిబేరా మురికివాడలో ఎంతమంది ఉంటారన్న ప్రశ్నకు ఏళ్ల తరబడి వినిపించిన జవాబు పది లక్షలు. పత్రికలు, విరాళాలు సేకరించే సంస్థలు ఆ అంకెను ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకుంటూ పోయారు. తీరా 2009 జనాభా లెక్కల్లో తేలింది సుమారు 1,70,000. ఈ రెండో లెక్కలో కొందరు తప్పిపోయి ఉంటారని వాదించినవారూ ఉన్నారు. ఏది ఏమైనా, దాదాపు ఆరు రెట్ల తేడా ఉన్న రెండు అంకెలను ముందు పెట్టుకుని ఎన్ని మరుగుదొడ్లు కట్టాలో, ఎన్ని కుళాయిలు వేయాలో ఎవరూ తేల్చలేరు. పైగా అంత పేరున్న వాడ అప్పటికి ఇంటర్నెట్‌లో అందరికీ దొరికే పటాల్లో దాదాపు ఖాళీ జాగాగానే కనిపించేది.

ఆ ఏడాది చివర్లో పదమూడు మంది స్థానిక యువతీయువకులు జీపీఎస్ పరికరాలు పట్టుకుని కిబేరా సందులన్నీ తిరిగారు. బడులు, క్లినిక్‌లు, నీటి కేంద్రాలు, మరుగుదొడ్లు, దారులు గుర్తించి, ఎవరైనా వాడుకోగల, ఎవరైనా దిద్దగల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేర్చారు. మ్యాప్ కిబేరా పేరుతో సాగిన ఈ పని తర్వాత ఎన్నో దేశాల్లో ఇలాంటి ప్రయత్నాలకు దారి చూపింది. అయితే గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ పటం కిబేరాలో ఎంతమంది ఉన్నారో చెప్పలేదు, చెప్పడానికి గీసిందీ కాదు. ఏది ఎక్కడ ఉందో చెప్పింది. జనాభా ఎంతో తెలియాలంటే వేరే పని చేయాలి. బడికి వెళ్లే పిల్లల్లో ఎందరికి చదవడం వచ్చో తెలియాలంటే మరో పని చేయాలి. ఈ మూడింటినీ మనం "యువతతో స్థానిక సమాచార సేకరణ" అనే ఒకే మాటతో చెప్పుకుంటున్నాం. ఒక పనికి సేకరించినదాన్ని మరో పనికి వాడబోవడమే ఈ కార్యక్రమాలు విఫలం కావడానికి అన్నిటికంటే పెద్ద కారణమని నా అభిప్రాయం. యువత ఉత్సాహం చాలకపోవడం, యాప్ సరిగా పనిచేయకపోవడం దాని తర్వాతే వస్తాయి.

మూడు పనులు, ఒకే పేరు

మొదటిది నమూనా సర్వే. కొన్ని ఇళ్లను పద్ధతి ప్రకారం ఎంచుకుని, వాటి నుంచి మొత్తం పరిస్థితిని అంచనా వేయడం ఇందులో పని. భారతదేశంలో దీనికి బాగా తెలిసిన ఉదాహరణ ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన, అసర్‌గా పేరుపడ్డ విద్యాస్థితి నివేదిక. అందులో క్షేత్రంలో తిరిగేవారిలో ఎక్కువమంది స్థానిక సంస్థల కార్యకర్తలు, కళాశాల విద్యార్థులు, ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న యువతీయువకులు. గ్రామీణ జిల్లాకు 30 గ్రామాలు, గ్రామానికి 20 ఇళ్లు, అంటే జిల్లాకు 600 ఇళ్లు. ఏ గ్రామానికి వెళ్లాలో జనగణన జాబితా నుంచి పైస్థాయిలోనే ఎంపిక అవుతుంది. గ్రామంలో ఏ ఇంటికి వెళ్లాలన్నది కూడా వాలంటీరు ఇష్టానికి వదిలిపెట్టరు: ఊరిని నాలుగు భాగాలు చేసుకుని, ఒక్కో భాగంలో మధ్య నుంచి బయలుదేరి, ఎడమచేతి వైపు ప్రతి ఐదో ఇంటి తలుపు తట్టాలి. ఈ నియమం చూడటానికి చాదస్తంగా ఉంటుంది. అది లేకపోతే మాత్రం వాలంటీరు తెలియకుండానే రోడ్డు పక్క ఇళ్లకు, తలుపు తీసి ఉన్న ఇళ్లకు, తనకు తెలిసినవారి ఇళ్లకు పోతాడు. ఊరి చివర ఉన్నవారు లెక్కలోంచి జారిపోతారు.

ఆ 600 ఇళ్ల నుంచి జిల్లా గురించి ఒక మాట చెప్పవచ్చు. అందులోని ఒక్క గ్రామం గురించి మాత్రం చెప్పలేం. యాదృచ్ఛికంగా 400 ఇళ్లను ఎంచుకుంటే వచ్చే శాతంలో అటూ ఇటూ ఐదు పాయింట్ల తేడాకు అవకాశం ఉంటుంది. 100 ఇళ్లయితే పది పాయింట్లు. 20 ఇళ్లయితే ఏకంగా ఇరవై రెండు పాయింట్లు. అంటే ఇరవై ఇళ్లలో సగం మంది "అవును" అన్నారంటే అసలు సంఖ్య 28 నుంచి 72 శాతం దాకా ఎక్కడైనా ఉండవచ్చు. అసర్ ఏనాడూ గ్రామస్థాయి ఫలితం ప్రకటించదు, ప్రకటించకూడదు కూడా. కానీ దాన్ని చూసి ప్రేరణ పొందిన చిన్న బృందాలు ఒక వార్డులో పాతిక ఇళ్లు తిరిగి, "మా వార్డులో 48 శాతం ఇళ్లకు మురుగు కాలువ సౌకర్యం లేదు" అని తీర్మానానికి జత చేయడం సాధారణమైపోయింది. ఆ అంకెను ఎవరైనా గట్టిగా ప్రశ్నిస్తే నిలబడదు. అంకె కూలితే దాని వెనక ఉన్న న్యాయమైన కోరిక కూడా దానితోపాటే కూలుతుంది.

రెండోది పూర్తి లెక్క. ఊరు చిన్నదైతే నమూనా జోలికి పోనవసరమే లేదు. నూటయాభై ఇళ్ల ఊరిని పదిమంది వాలంటీర్లు రెండు వారాంతాల్లో గడప గడపా తిరిగి ముగించగలరు. ఎవరికి ఏది లేదో పేరు పేరునా తేల్చాలంటే పూర్తి లెక్క తప్ప దారి లేదు. ఫిలిప్పీన్స్‌లో 1990ల ఆరంభంలో పరిశోధకులు రూపొందించిన సముదాయ ఆధారిత పర్యవేక్షణ పద్ధతి ఈ కోవలోది. స్థానికంగా శిక్షణ పొందిన గణకులు ప్రతి ఇంటికీ వెళ్లి ఆరోగ్యం, పోషణ, గృహం, నీరు, విద్య, ఆదాయం, ఉపాధి, భద్రత గురించి కొద్దిపాటి సూచికలు నమోదు చేసేవారు. పలావన్ ప్రావిన్స్‌తో మొదలై ఒక్కో స్థానిక ప్రభుత్వం దాన్ని స్వీకరించగా, 2019లో దేశమంతటికీ చట్టమైంది. ముంబయి పేవ్‌మెంట్ల మీద బతికే కుటుంబాలను స్పార్క్ సంస్థ 1985లో అక్కడివారితోనే కలిసి లెక్కించడం కూడా పూర్తి లెక్కే. కాకపోతే దాని ఉద్దేశం వేరు. సుప్రీంకోర్టు తీర్పు దరిమిలా తొలగింపు ముప్పు ఎదుర్కొంటున్న ఆ కుటుంబాలు తాము ఉన్నామని, పని చేసుకుంటూ ఆ నగరంలోనే ఏళ్లుగా బతుకుతున్నామని రుజువు చేసుకోవలసి వచ్చింది.

మూడో పని అంకెల కంటే జ్ఞానానికి సంబంధించినది. ఏ బావి ఏ నెలలో అడుగంటుతుంది, వరద నీరు ఏ సందు నుంచి లోపలికి వస్తుంది, ఏ దారిలో చీకటి పడ్డాక ఆడపిల్లలు నడవరు వంటి సంగతులు ఇంటింటా గడికింత చొప్పున నింపే ప్రశ్నావళిలో పట్టవు. నలుగురిని కూర్చోబెట్టి నేల మీద ముగ్గుతోనో సుద్దతోనో ఊరి పటం గీయించడం, నెలవారీగా పనులూ కొరతలూ రాయించడం, ఊరి ఒక చివర నుంచి రెండో చివరకు అందరూ కలిసి నడుస్తూ చూసింది చూసినట్టు నమోదు చేయడం అనే పద్ధతులను 1980ల చివర్లో, 1990ల్లో అభివృద్ధి పరిశోధకుడు రాబర్ట్ చాంబర్స్ వంటివారు పీఆర్ఏ (గ్రామీణుల భాగస్వామ్యంతో పరిస్థితిని అంచనా వేయడం) పేరుతో ప్రపంచమంతటా ప్రచారంలోకి తెచ్చారు. కేరళలో జనవిజ్ఞాన సంస్థ అయిన శాస్త్ర సాహిత్య పరిషత్తు, తిరువనంతపురంలోని భూవిజ్ఞాన అధ్యయన కేంద్రంతో కలిసి 1990ల మొదట్లో చేపట్టిన వనరుల పటాల కార్యక్రమం దీన్ని ఇంకొంత ముందుకు తీసుకుపోయింది. కన్నూర్ జిల్లా కల్లియాశ్శేరి వంటి పంచాయతీల్లో వాలంటీర్లు సర్వే నంబర్ల పటాలు చేతపట్టుకుని భూమి వినియోగం, నీటి వనరులు తిరిగి చూసి గుర్తించగా, శాస్త్రవేత్తలు నేల, భూస్వరూపాల వివరాలు జోడించారు. టాంజానియాలో 2015లో మొదలైన దారెస్సలాం నగర పటాల పనిలో విశ్వవిద్యాలయ విద్యార్థులు, వరద ముప్పున్న వార్డుల నివాసులు కలిసి ఇళ్లు, దారులు, మురుగు కాలువలు పటంలోకి ఎక్కించారు. శాటిలైట్ చిత్రం పైకప్పును చూపుతుంది గానీ కాలువ ఎంత వెడల్పో, ఎక్కడ పూడిపోయిందో చూపదు. దానికి మనిషి వెళ్లి వంగి చూడాలి.

ఈ మూడింటిలో ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్న ప్రశ్న లేదు. ఏ నిర్ణయానికి ఏది కావాలన్నదే ప్రశ్న. జిల్లాలో విద్యావిధానం మార్చాలని వాదించడానికి నమూనా చాలు. పింఛను అందని వృద్ధుల జాబితాకు పూర్తి లెక్క కావాలి. కల్వర్టు ఎక్కడ కట్టాలో తేల్చడానికి పటం కావాలి, వాన కురిసిన రోజున ఏం జరిగిందో చూసిన మనుషులు కావాలి. అందుకే అనుభవమున్నవారు ప్రశ్నావళితో మొదలుపెట్టరు. ఈ సమాచారం చూసి ఎవరు, ఎప్పుడు, ఏం నిర్ణయించబోతున్నారో ఒక కాగితం మీద రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి నడుస్తారు. ఏ నిర్ణయానికీ పనికిరాని ప్రశ్న ఎంత ఆసక్తికరమైనదైనా ఆ దారిలో రాలిపోతుంది. అరవై ప్రశ్నల ఫారం పద్దెనిమిదికి తగ్గితే నష్టమేమీ లేదు. ఇంటివారి ఓపిక మిగులుతుంది, జవాబుల నాణ్యత పెరుగుతుంది.

ప్రశ్న ఎలా అడగాలి

"మీకు తాగునీటి సౌకర్యం ఉందా?" అని అడిగితే ఎక్కువమంది ఉందనే అంటారు. నీరు తాగకుండా ఎవరూ బతకరు కాబట్టి ఏదో ఒక సౌకర్యం ఉండే తీరాలి. ఆ "ఉంది" వెనక వీధి కుళాయి ఉండవచ్చు, పొరుగింటి బోరు ఉండవచ్చు, మైలు దూరంలోని చెరువూ ఉండవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి నడిపే నీటి పర్యవేక్షణ కార్యక్రమం ఈ చిక్కును విప్పిన తీరు ప్రతి యువబృందం చూడదగినది. ముందుగా నీరు ఎక్కడి నుంచి వస్తుందో అడుగుతారు. తర్వాత అక్కడికి వెళ్లి, వరుసలో నిలబడి, నీరు తెచ్చుకుని ఇంటికి చేరడానికి ఎంతసేపు పడుతుందో అడుగుతారు. రక్షిత వనరు నుంచే అయినా మొత్తం 30 నిమిషాలు దాటితే దాన్ని కనీస సేవగా లెక్కించరు, ఒక మెట్టు కిందికి దించుతారు. ప్రణాళిక వేసేవారికి దీనితో చేతికొచ్చేది స్పష్టంగా ఉంటుంది: వనరు మార్చాలా, దూరం తగ్గించాలా, లేక వనరూ దూరమూ బాగానే ఉండి వరుస మాత్రమే పొడవై మరో కుళాయి కావాలా అన్నది జవాబుల్లోనే కనిపిస్తుంది. నీరు మోసే మనిషి ఎవరన్న మరో ప్రశ్న కలిపితే ఆ నిమిషాలు ఇంట్లో ఎవరి రోజులోంచి పోతున్నాయో కూడా తెలుస్తుంది.

వైకల్యం విషయంలో ప్రశ్నకున్న బలం ఇంకా స్పష్టం. "మీ ఇంట్లో వికలాంగులు ఉన్నారా?" అన్న ప్రశ్నకు చాలా ఇళ్లలో లేరనే జవాబు వస్తుంది. కొందరు సిగ్గుపడి చెప్పరు, కొందరు వయసు మీదపడి చూపు మందగించడాన్ని వైకల్యంగా అసలు అనుకోరు. ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ఆధ్వర్యంలో 2001లో ఏర్పడిన వాషింగ్టన్ గ్రూప్ రూపొందించిన ఆరు ప్రశ్నల్లో ఆ మాటే ఉండదు. కళ్లద్దాలు పెట్టుకున్నా చూడటం కష్టమవుతుందా, వినడం, నడవడం లేదా మెట్లెక్కడం, గుర్తుంచుకోవడం, స్నానం చేసి బట్టలు కట్టుకోవడం, చెప్పేది ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పడం కష్టమవుతుందా అని అడుగుతారు. జవాబు కూడా అవును, కాదు అని ఉండదు: కష్టం లేదు, కొంత కష్టం, చాలా కష్టం, అసలు చేయలేరు అని నాలుగు మెట్లుంటాయి. భారత జనగణన 2011లో తేల్చిన వికలాంగుల వాటా 2.21 శాతం, ప్రపంచ జనాభాలో సుమారు 16 శాతం మందికి గణనీయమైన వైకల్యం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నిర్వచనాలు వేరు కనుక ఈ రెండింటినీ నేరుగా పోల్చడం సరికాదు. అయినా ప్రశ్న మారితే మనుషులు లెక్కలోకి రావడమూ పోవడమూ ఏ మేరకు ఉంటుందో ఆ అంతరం సూచిస్తుంది. ఒక బస్తీ ఆరోగ్య కేంద్రానికి ర్యాంపు కావాలా వద్దా అన్నది ఇలాంటి ప్రశ్న మీదే ఆధారపడి ఉంటుంది.

జ్ఞాపకం మీద ఆధారపడే ప్రశ్నలకు కాలపరిమితి పెట్టాలి. "పిల్లలకు తరచుగా విరేచనాలు అవుతాయా?" అన్నది పనికిరాదు, "గడిచిన రెండు వారాల్లో అయ్యాయా?" అన్నది పనికొస్తుంది, పెద్ద ఆరోగ్య సర్వేలు వాడేది కూడా ఈ రెండో రూపమే. ఆదాయం ఎంతని సూటిగా అడగడం చాలాచోట్ల వృథా శ్రమ. ఇలాంటివన్నీ బయటపడాలంటే అసలు సర్వేకు ముందు పది పదిహేను ఇళ్లలో ఫారాన్ని పరీక్షించి చూడాలి. ఈ దశను తొందరలో వదిలేసిన సర్వేకు తర్వాత ఎంత విశ్లేషణ చేసినా బాగుపడే అవకాశం తక్కువ.

యువతే ఎందుకు

బడిపిల్లలతో, యువతతో దేశస్థాయి సమాచారం సేకరించడం కొత్తేమీ కాదు. బ్రిటన్‌లో 1930ల్లో భూగోళ శాస్త్రవేత్త డడ్లీ స్టాంప్ నడిపిన భూవినియోగ సర్వేలో ఉపాధ్యాయుల పర్యవేక్షణలో దేశంలోని పొలాలన్నీ తిరిగి, ఏది దున్నిన నేల, ఏది పచ్చిక, ఏది అడవి అని పటాల మీద అక్షరాలతో గుర్తించినవారిలో ఎక్కువమంది విద్యార్థులే. పాల్గొన్నవారు సుమారు రెండున్నర లక్షల మంది ఉంటారని అంచనా. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆహారోత్పత్తి పెంచే ప్రణాళికలకు ఆ పటాలు పనికొచ్చాయి. ఆ విజయంలో గమనించదగ్గది పని రూపకల్పన. ఏ విద్యార్థినీ నేల సారం గురించి అభిప్రాయం అడగలేదు. కళ్లెదుట ఉన్నదాన్ని కొద్ది వర్గాల్లో ఒకదానిలో వేయమన్నారంతే. ఒకరు వేసిన గుర్తును మరొకరు వెళ్లి సరిచూడగలిగేంత సులువైన పని అది.

ఇళ్ల లోపలి సంగతులు అడిగే పని అంత సులువు కాదు. ఇక్కడ స్థానిక యువతకు ఉన్న దగ్గరతనం రెండు వైపులా పనిచేస్తుంది. బయటి నుంచి వచ్చిన గణకుడికి తలుపు తీయని ఇల్లు తెలిసిన పిల్లకు తీస్తుంది. పటంలో లేని దారి, రికార్డుల్లో లేని కొట్టం, ఒకే కప్పు కింద వేరు పొయ్యిలు పెట్టుకున్న రెండు కుటుంబాలు ఆ వీధి పిల్లలకు తెలుస్తాయి. అదే కారణంగా అప్పుల గురించి, ఇంట్లో హింస గురించి, జబ్బుల గురించి పక్కింటి కుర్రాడికి ఎవరూ నిజం చెప్పరు. చెప్పినా ఆ మాట ఆ ఫారంలోనే ఉంటుందన్న హామీ లేదు. అందువల్ల సున్నితమైన ప్రశ్నలను సొంత వీధిలో అడిగించకుండా పక్క వార్డు వాలంటీర్లతో మార్పిడి చేయడం, స్త్రీల ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్నలను స్త్రీలతోనే అడిగించడం, కొన్నింటిని అసలు అడగకుండా వదిలేయడం వివేకం. బృందం కూర్పు కూడా లెక్కను ప్రభావితం చేస్తుంది. వాలంటీర్లంతా ఒకే వర్గం నుంచి, ఒకే వీధి నుంచి వస్తే వారికి ఎదురుచెప్పలేని కుటుంబాలు వారికి నచ్చే జవాబులే ఇస్తాయి. సెలవు రోజున మాత్రమే తిరిగే బృందానికి సెలవు లేని కూలీలు దొరకరు. పగలు తిరిగే బృందానికి వలస పోయినవారి తాళం వేసిన తలుపులే కనిపిస్తాయి. తాళం వేసిన ఇంటిని "ఎవరూ లేరు" అని రాయడానికీ "మూడుసార్లు వెళ్లినా దొరకలేదు" అని రాయడానికీ చాలా తేడా ఉంది.

నాణ్యత గురించి మాట్లాడినప్పుడు సాధారణంగా చర్చ ఫోన్ యాప్‌ల మీదికి మళ్లుతుంది. ఓడీకే, కోబోటూల్‌బాక్స్ వంటి ఉచిత సాధనాలు సిగ్నల్ లేనిచోట కూడా పనిచేస్తాయి, అసంభవమైన జవాబులను అక్కడికక్కడే ఆపుతాయి, కాగితం నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు దొర్లే తప్పులను తొలగిస్తాయి. ఇది తక్కువ ప్రయోజనం కాదు. కానీ ఇంటికి వెళ్లకుండానే అరుగు మీద కూర్చుని ఫారాలు నింపేసినవారిని యాప్ ఒక్కటే పట్టుకోలేదు. జీపీఎస్ సంగతే తీసుకుంటే, ఆకాశం స్పష్టంగా కనిపించే చోట మామూలు ఫోన్ చూపే స్థానం అసలు స్థానానికి సుమారు ఐదు మీటర్ల దూరంలో ఉండవచ్చు, ఇరుకు సందుల్లో అంతకంటే ఎక్కువే. గోడకు గోడ ఆనుకున్న ఇళ్ల వాడలో ఐదు మీటర్లంటే పక్కిల్లు. అందుకే ఇంటికో సంఖ్య వేసి ఆ సంఖ్యనే ప్రధాన ఆనవాలుగా పెట్టుకోవాలి. పర్యవేక్షకుడు ప్రతి వాలంటీరు తిరిగిన ఇళ్లలో పదింట ఒకదానికైనా మళ్లీ వెళ్లి రెండు మూడు ప్రశ్నలు తిరిగి అడగడం చాలా పాత పద్ధతే అయినా దానికి సాటివచ్చేది ఇంకా రాలేదు. ఇది అనుమానంతో చేసే పని కాదని మొదటిరోజే అందరికీ చెప్పాలి. చెప్పకపోతే మంచి వాలంటీర్లే ముందు మనసు నొచ్చుకుని మానేస్తారు.

పద్దులోకి చేరే దారి

సేకరణ బాగా జరిగిన చోట కూడా సమాచారం అటకెక్కడం మామూలే. కారణం చాలాసార్లు తేదీల్లో ఉంటుంది. స్థానిక సంస్థలు ఏడాదిలో ఒక నిర్ణీత కాలంలో ప్రణాళిక తయారుచేసి, సమావేశంలో ఆమోదించి, పద్దులు ఖరారు చేస్తాయి. ఆ గడువు ముగిసిన నెలకు చేరిన నివేదిక ఎంత గొప్పదైనా మరుసటి ఏడాదికి వాయిదా పడుతుంది. మరుసటి ఏటికి అధికారి మారుతాడు, వాలంటీర్లు చదువులకో ఉద్యోగాలకో వెళ్లిపోతారు. కేరళలో 1996లో మొదలైన ప్రజా ప్రణాళిక ఉద్యమం ఈ విషయంలో అరుదైన ఉదాహరణ. రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇస్తామని ప్రభుత్వం ముందే నిర్ణయించింది. గ్రామసభలు జరిగాయి, వాలంటీర్లు స్థానిక వనరులు, చరిత్ర, సమస్యల సమాచారం కూడగట్టారు, పంచాయతీకో అభివృద్ధి నివేదిక తయారైంది, దాని మీద సదస్సులు నడిచాయి, అక్కడి నుంచి కార్యబృందాలు పనులను ప్రాజెక్టులుగా రాశాయి. నివేదికల నాణ్యత అన్నిచోట్లా ఒకేలా లేదు. అయినా ఆ సమాచారం సేకరించినవారికి అది ఏ గదికి చేరుతుందో, ఆ గదిలో ఎంత డబ్బు ఉందో తెలుసు. చేతిలో పైసా లేని సంస్థకు అందించే సమాచారానికి ఆ బలం ఉండదు. అలాంటిచోట వాలంటీర్లు చేస్తున్నది పైస్థాయిలో వాదన వినిపించే పని. అది కూడా అవసరమే. కాకపోతే దాన్ని ప్రణాళిక అని పిలిచి ఇంటింటా ఆశలు రేపకూడదు.

అధికారి చేతికి వెళ్లే ముందు సమాచారం చెప్పినవారి ముందుకు తిరిగి రావాలి. ఇళ్ల గుర్తులు, కుళాయిలు, కాలువలతో పెద్ద కాగితం మీద ముద్రించిన పటాన్ని అందరూ చూసేచోట గోడకు అంటించి రెండు రోజులు వదిలేస్తే సగం తప్పులు దిద్దుబాటవుతాయి. ఈ బోరు ఎండిపోయి మూడేళ్లయిందని ఒకరు, ఈ దారిని ఫలానావారు కలిపేసుకున్నారని మరొకరు పెన్నుతో రాస్తారు. ఇది తనిఖీయే కాదు, ప్రాధాన్యాల గురించిన తగవు కూడా ఇక్కడే మొదలవుతుంది. మొదలవడమే మంచిది. ఏ వీధికి ముందు కాలువ వేయాలన్నది అంకెలు తేల్చే సంగతి కాదు. అంకెలు వాదులాటను అబద్ధాల నుంచి కాస్త దూరంగా ఉంచుతాయి, తీర్పు మాత్రం మనుషులే చెప్పుకోవాలి. సమాచారం ఉంటే నిర్ణయాలు వాటంతటవే సవ్యంగా వస్తాయన్న నమ్మకం సాంకేతిక నిపుణులకు ఎక్కువ, ఊరి రాజకీయం చూసినవారికి తక్కువ.

గోడ మీద అంటించకూడనివి కూడా ఉంటాయి. ఇంటి సంఖ్య పక్కన జబ్బు, అప్పు, కులం, పత్రాలు లేని నివాసం వంటివి కనబడితే ఆ కుటుంబానికి హాని జరుగుతుంది. పేర్లు తీసేస్తే చాలనుకోవడం పొరపాటు. నలభై ఇళ్ల వీధిలో "భర్త చనిపోయిన, ముగ్గురు పిల్లలున్న, వినికిడి లోపం ఉన్న మహిళ" ఎవరో చెప్పడానికి పేరు అక్కర్లేదు. గణాంక శాఖలు ఐదు లేదా పది కంటే తక్కువ సంఖ్య వచ్చిన గడులను చూపకుండా దాచడానికి కారణం అదే. స్థానిక బృందాలు కూడా ఆ అలవాటు చేసుకోవాలి. అనుమతి లేని వాడల పటాలైతే ప్రమాదం మరో రకం: సౌకర్యాల కోసం గీసిన పటమే రేపు తొలగింపుకు దారి చూపవచ్చు. ఏ పొర బహిరంగంగా ఉంచాలి, ఏది వాడలోని సంఘం దగ్గరే ఉండాలి అన్నది గీయడానికి ముందే అక్కడివారితో తేల్చుకోవాలి. తమ గురించి బయటివారు పోగుచేసిన సమాచారం తమకే అందకుండా పోవడంతో విసిగిన కెనడా ఆదివాసీ సముదాయాలు 1998లో నాలుగు షరతులను ముందుకు తెచ్చాయి. సమాచారం మీద యాజమాన్యం, నియంత్రణ, అందుబాటు, భౌతికంగా స్వాధీనం తమవే ఉండాలన్నది వాటి సారం. చిన్న బృందం ఈ స్థాయిలో ఒప్పందాలు రాసుకోలేకపోవచ్చు. కనీసం ఫైలు ఎవరి దగ్గర ఉంటుంది, పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు, పని ముగిశాక వాలంటీర్ల ఫోన్లలోంచి ఏం చెరిపేయాలి అన్న మూడు సంగతులు రాసి పెట్టుకోవచ్చు.

ఇక ఆ యువత సంగతి. యునిసెఫ్ కోసం రోజర్ హార్ట్ 1992లో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వివరిస్తూ, కింది మూడు మెట్లను, అంటే పిల్లలను పావులుగా వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, మొక్కుబడిగా కూర్చోబెట్టడం అనే వాటిని భాగస్వామ్యమే కాదన్నాడు. సమాచార సేకరణ కార్యక్రమాలు చాలావరకు ఈ మెట్ల దగ్గరే తచ్చాడుతుంటాయి. ఫారం పైనుంచి వస్తుంది, యువత నింపుతుంది, ఫైలు పైకి వెళ్తుంది, ఫొటోలో వాలంటీర్లు ముందు వరుసలో ఉంటారు. ప్రశ్నలు ఎంపిక చేసేటప్పుడు, ఫలితాలు చదివేటప్పుడు వారిని కూర్చోబెట్టకపోతే అది చవకగా దొరికిన కూలీయే అవుతుంది. చవకైన కూలీ కోసమే అయితే డబ్బిచ్చి గణకులను పెట్టుకోవడం నిజాయతీ అనిపించుకుంటుంది, పని కూడా సవ్యంగా జరుగుతుంది. స్వచ్ఛందంగా చేసేవారికి సైతం ప్రయాణ ఖర్చు, ఫోన్ డేటా, ఎండలో తిరిగినందుకు భోజనం, సంతకంతో కూడిన ధ్రువపత్రం ఇవ్వాలి. అవి లేనిచోట కాస్త కలిగిన ఇళ్ల పిల్లలే చివరిదాకా మిగులుతారు, బృందం కూర్పు మళ్లీ ఒకవైపు ఒరుగుతుంది.

సేకరించిన సమాచారం ఎంతకాలం చెల్లుతుందన్నది చాలామంది మొదట్లో ఆలోచించని విషయం. దారులు, కల్వర్టులు, బడి భవనాలు ఏళ్ల తరబడి పెద్దగా మారవు. కుళాయి పనిచేస్తోందా లేదా అన్నది నెలల్లో మారుతుంది. బడి మానేసిన పిల్లల జాబితా పాఠశాలలు తెరిచే వేళకు మళ్లీ రాయవలసిందే. ఫిలిప్పీన్స్ చట్టం ప్రతి నగరం, ప్రతి మునిసిపాలిటీ మూడేళ్లకోసారి సేకరణ జరపాలని నిర్దేశించింది. చిన్న బృందాలకు అంత శక్తి ఉండదు గనుక మొత్తం సర్వేను మళ్లీ తలకెత్తుకోకుండా, త్వరగా మారే ఐదారు అంశాలను మాత్రం విడిగా పెట్టుకుని, ప్రణాళిక సమావేశానికి నెల ముందు వాటినే సరిచూసుకోవడం సాధ్యమైన పని. అందుకు మొదటి విడతలోనే ప్రతి అంశం పక్కన చివరిసారి చూసిన తేదీ, చూసిన వాలంటీరు సంకేత సంఖ్య రాయడానికి ఒక గడి ఉండాలి. ఆ గడి లేని స్ప్రెడ్‌షీట్‌ను రెండో ఏడాది అందుకున్న కొత్త బృందం దేన్ని నమ్మాలో తెలియక మళ్లీ మొదటి ఇంటి నుంచి మొదలుపెడుతుంది.